బోర్డు మార్పిడి వాక్యం: సటీకా తాత్పర్యం

మూలం: “పాత బోర్డు పీకించి ఎంసీబీలు పెట్టించాం, ఇక షాకు భయం లేదు.”

టీక: ఇంటికొచ్చిన చుట్టాలను మెట్ల కిందికి తీసుకెళ్లి, తెల్ల డబ్బా మూత తెరిచి మరీ గృహస్థులు సెలవిచ్చే ఈ వాక్యానికి ఇంతవరకు వ్యాఖ్య లేకపోవడం శోచనీయం. టేకు పలక, పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజు, ఇనుప డబ్బా మెయిన్ స్విచ్చు వంటివి సుగమాలు, వదిలేస్తున్నాం. పూర్వార్ధం ఒప్పుకోదగిందే, ఫ్యూజు పోయినప్పుడల్లా చేతికందిన లావుపాటి రాగితీగ చుట్టే ఆచారానికి ఎంసీబీ స్వస్తి చెప్పింది. ఉత్తరార్ధానికే హేతువు లేదు. ఎంసీబీకి పట్టేది కరెంటు పరిమాణం ఒక్కటే. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియరులో పదో వంతు చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు.

ఇక్కడ రసజ్ఞులు నాయికాభేదం గమనించాలి. ఎంసీబీ ముగ్ధ, నాయకుడు ఎక్కడికి వెళ్లాడో అడగదు, హద్దు మీరి చెలరేగితేనే తలుపు వేస్తుంది. కరెంటు లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ ఖండిత, నాయకుడి పరస్త్రీ సంబంధం పసిగట్టి కోపించే నాయిక. ఫేజులో వెళ్లినదంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా అని అనుక్షణం సరిచూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల లోటు కనబడితే చాలు, గీజరు ద్వారానో మనిషి ఒంటి ద్వారానో భూదేవితో సంబంధం నడిచిందని రూఢి చేసుకుని తెగతెంపులు చేస్తుంది. భరతుడు చెప్పిన ఎనిమిదిమంది నాయికల్లో ఏ ఖండితా, లత్తుక మరకలు వెతక్కుండా, ఇలా తీసివేత లెక్కతో నేరం పట్టలేదు. మరి ఇన్వర్టరు ప్రోషితభర్తృక అవునా? కాదు. భర్త ఊరెళ్తే ఆమె అలంకారాలు మానేస్తుంది, ఇది అప్పుడే వెలుగుతుంది. వాసకసజ్జిక అందామంటే ఎదురుచూసేది రాకకు కాదు, పోకకు. దీనికి తొమ్మిదో నాయికను కల్పించాల్సిందే. ప్రస్తుతానికి వద్దాం.

పూర్వపక్షం: ‘ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోంది, అందుకే తీయించాం.’ ఖండిత కోపం నిష్కారణం కాదు. చెమ్మ పట్టిన గోడో, చిల్లుపడిన గీజరు ఎలిమెంటో, రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లు కలిపేసిన పనితనమో ఉంటుంది, వెతికించాలి. మరొక వాది: ‘ఏసీ వేస్తే 16 పడిపోతోంది, 32 పెట్టించాం, సుఖంగా ఉంది.’ ఈ సుఖం మీద శ్లేష చేయబుద్ధి కావడం లేదు. ఎంసీబీ కాపలా కాసేది గోడలోని తీగకు. తీగ పాతదే, సన్నదే. అది ఇన్సులేషన్ మాడేదాకా వేడెక్కినా పైన మీట నిటారుగానే ఉంటుంది. డబ్బాకు వేలు పోసినవారు తీగకూ ఎర్తు గుంతకూ రూపాయి విదల్చరు. ప్లగ్గు మూడో రంధ్రం వెనక తీగే లేని ఇళ్లెన్నో! తార్కికులు దాన్ని గగనకుసుమం అంటారు. తడి చేత్తో వాషింగ్ మెషీను ముట్టుకున్నవాళ్లు ఇంకో మాట అంటారు.

తాత్పర్యం: ఆర్‌సీసీబీ మీద ‘టి’ అని చిన్న బటన్ ఉంటుంది, నొక్కండి. కరెంటు పోకపోయినా, అసలా బటనే కనబడకపోయినా ఉత్తరార్ధం ప్రక్షిప్తం. ఎలక్ట్రీషియన్‌ని మళ్లీ పిలిపించండి.