స్పృహ తప్పిన పట్టభద్రులు

మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది ఆ రీలు. కోటు వేసుకున్న కుర్రాడు కాలరుకి మైకు తగిలించుకుని, కళ్లజోడులో రింగ్‌లైటు గుండ్రంగా మెరుస్తుండగా, చూపుడువేలు మన ముక్కు మీదికి చాపి అడుగుతాడు: "ఇంటర్వ్యూలో 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019' అంటున్నారా? అయితే మీ పని అయిపోయింది!" తల మీద ఎర్రటి ఇంటూ మార్కు పడుతుంది, వెనక బజరు మోగుతుంది. పాస్ అవుట్ అంటే స్పృహ తప్పి పడిపోవడమట. కింద లింకు. 1000 ఫ్రేజల్ వెర్బులు (క్రియకి అప్, అవుట్ లాంటి చిన్న మాట తగిలించినవి), 30 రోజులు, 999 రూపాయలు. ఈ నెల్లో ఇలాంటి మొహాలు ఎన్ని చూశానో. కోటు రంగు మారుతుంది గాని బజరు మాత్రం అదే.

కళ్లు తెరిపించాడు మహానుభావుడు. ఏటా వేసవికి మన రెండు రాష్ట్రాల్లోని ఇంజనీరింగ్ కాలేజీల్లో పిల్లలు గుంపులు గుంపులుగా మూర్ఛపోతున్నారన్నమాట. మూర్ఛపోయిన సంవత్సరాన్ని రెజ్యూమేలో లావుపాటి అక్షరాలతో వేసుకుంటున్నారు కూడా. పెళ్లిచూపుల్లో అమ్మాయి మేనమామ "అబ్బాయి ఎప్పుడు పాసౌటండీ?" అని అడిగితే, అబ్బాయి తండ్రి ఏ మాత్రం సిగ్గుపడకుండా సంవత్సరంతో సహా చెబుతున్నాడు. వాకిన్ ప్రకటనల్లో కంపెనీలే "2024, 2025 పాసౌట్స్ మాత్రమే" అని షరతు పెడుతున్నాయి. ఎప్పుడో సొమ్మసిల్లినవాళ్లు వాళ్లకి పనికిరారు. మూర్ఛ తాజాగా ఉండాలి.

హైదరాబాద్ శివార్లలో దుండిగల్ పరిస్థితి మరీ ఘోరం. అక్కడి ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో శిక్షణ పూర్తయిన క్యాడెట్లు బ్యాండు మోగుతుంటే అడుగులో అడుగేసి కవాతు చేస్తారు. తల్లిదండ్రులు కళ్లు తుడుచుకుంటూ ఫొటోలు తీసుకుంటారు. ఆ కవాతుకి పేరు పాసింగ్ అవుట్ పరేడ్. రీలు కుర్రాడి లెక్కన అది సామూహిక మూర్ఛ. అంతమంది నిటారుగా నిలబడి, సెల్యూట్ కొడుతూ, ఒకేసారి స్పృహ తప్పడం వైద్యులు చూసి తీరవలసిన వింత. ముఖ్య అతిథి పక్కన ఒక అంబులెన్సు అయినా పెట్టరేం?

ఆ మాట మన అమీర్‌పేటలో పుట్టింది కాదు నాయనా. శిక్షణ ముగించుకుని బయటికి రావడాన్ని పాస్ అవుట్ అనడం బ్రిటిష్ సైన్యం వాడుక. ఇంగ్లండులో అచ్చయిన నిఘంటువుల్లో ఆ అర్థమూ మూర్ఛ అర్థమూ ఒకే పదం కింద వరసగా ఉంటాయి. మనం చేసిందల్లా ఆ మాటని కవాతు మైదానం నుంచి కాలేజీ గేటు దాకా తెచ్చుకోవడం. ఎదురుగా కూర్చున్న కుర్రాడు తన డిగ్రీ సంగతి చెబుతున్నాడో, 2019లో ఓరోజు కళ్లు తిరిగి పడిన సంగతి చెబుతున్నాడో తేల్చుకోలేని ఇంటర్వ్యూ పెద్దమనిషి ఎవరైనా ఉంటే, ముందు ఆయన్ని పరీక్ష చేయించాలి.

డిస్కస్ పక్కన అబౌట్ పెడితే ఇంకో బజరు. కోప్ పక్కన అప్ పెడితే మరోటి. వ్యాకరణం పుస్తకం ప్రకారం తప్పులే, కాదనను. మరి అమెరికావాడు "లిజన్ అప్" అంటాడే, ఆ అప్ ఎక్కడికి ఎక్కుతుందట? మీట్ అంటే చాలదని మీట్ విత్, అదీ చాలక మీట్ అప్ విత్ అంటాడు. వాళ్లు అదనంగా ఓ ముక్క తగిలిస్తే నుడికారం, మనం తగిలిస్తే నేరం. ఆఫీసు మెయిళ్లలో రీచ్ అవుట్, సర్కిల్ బ్యాక్ అని రాసేవాళ్లకి బజరు లేదు, ప్రమోషన్ ఉంది.

పోనీ ఆ భాష పుట్టి పెరిగినవాళ్లకైనా ఏకాభిప్రాయం ఉందా? ఫారం నింపమనడానికి లండన్‌వాడు ఫిల్ ఇన్ అంటాడు, న్యూయార్క్‌వాడు ఫిల్ అవుట్ అంటాడు. భోజనానికి ముందు వాష్ అప్ చేసుకు రమ్మంటే డాలస్‌లో చేతులూ మొహమూ కడుక్కోవాలి. లండన్‌లో వాష్ అప్ అంటే అంట్లు తోమాలి. పాతకాలపు ఇంగ్లిషు ఇంటావిడ "పొద్దున్నే నిన్ను నాక్ అప్ చేస్తాను" అందంటే తలుపు తట్టి లేపుతానని. అదే మాట షికాగోలో అనకండి, కడుపు చేస్తానని అర్థం. అలారం గో ఆఫ్ అయితే మోగినట్టు, లైటు గో ఆఫ్ అయితే ఆరినట్టు, పాలు గో ఆఫ్ అయితే పాడైనట్టు. 1755లో నిఘంటువు అచ్చేసిన శామ్యూల్ జాన్సన్ అంతటివాడే, క్రియల వెనక ఈ చిన్న మాటలు చేరడమే పరాయివాళ్లకి అన్నిటికన్నా పెద్ద కష్టమనీ, వీటిలో కొన్నింటికి దారీ తెన్నూ లేదనీ ముందుమాటలో ఒప్పుకున్నాడు. జాన్సన్ చేతులెత్తేసిన చోట మన కోటు కుర్రాడు 30 రోజుల్లో తేల్చేస్తాడు!

2007లో ఇద్దరు భాషావేత్తలు పదికోట్ల మాటల బ్రిటిష్ భాషా భాండాగారాన్ని జల్లెడ పట్టి చూశారు. జనం వాడిన ఫ్రేజల్ వెర్బులలో సగానికి పైగా ఓ వంద మాత్రమే. కాకపోతే ఒక్కోదానికి సగటున అయిదారు అర్థాలు. అంటే నేర్వాల్సింది కొన్నే, వాటినే మళ్లీమళ్లీ, వాక్యాల్లో, సందర్భంలో. మరి కోటు కుర్రాడు 999కి అమ్మే పీడీఎఫ్‌లో ఏముంది? యాక్ట్ అప్ నుంచి జోన్ అవుట్ దాకా అక్షరక్రమంలో వెయ్యి మాటలు, ఒక్కోదానికి ఒకే అర్థం. దాన్ని బట్టీ పట్టి మాట్లాడేవాడు ఈ భూమ్మీద లేడు.

ఇక్కడికి వచ్చేసరికి నాకు నవ్వు రావడం లేదు.

మా మేనల్లుడు పదో తరగతి దాకా ఊళ్లో తెలుగు మీడియంలో చదివి, తర్వాత బీటెక్ చేశాడు. ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా, బోరు మోటారుని ఫోన్ నుంచి నడిపే పెట్టె తయారుచేశాడు. రిలే ఎక్కడ, సిమ్ ఎక్కడ, ఓ ఫేజు పోతే మోటారు కాలకుండా ఏం చెయ్యాలి అన్నీ వాడి వేళ్ల మీద ఉంటాయి. వాళ్ల నాన్న పొలం నుంచి "కరెంటొచ్చింది, మోటర్ ఆన్ చెయ్యరా" అని అరిస్తే వాడు క్షణం తడుముకోడు. అలాంటివాణ్ని ఓ శిక్షణ సంస్థలో మాక్ ఇంటర్వ్యూకి కూర్చోబెట్టి ప్రాజెక్టు గురించి అడిగారు. "ద ఫార్మర్ కెన్..." అని ఆగిపోయాడు. స్విచ్ ఆన్ అనాలా, టర్న్ ఆన్ అనాలా, స్టార్ట్ అప్ అనాలా? బజరు ఎక్కడ మోగుతుందో? రీళ్లన్నీ కళ్ల ముందు తిరిగాయట. స్విచ్ ఆన్ అన్నా టర్న్ ఆన్ అన్నా మోటారు తిరుగుతుందని వాడికి చెప్పినవాడు లేడు. ఎదుటివాడు కాగితం మీద రాశాడు: ఆత్మవిశ్వాసం లేదు.

లేకపోవడమేమిటి? ఉన్నదాన్ని రోజుకో నిమిషం రీలు పెట్టి లాక్కున్నారు. ముందు భయం అమ్మడం, తర్వాత ఆ భయానికి మందు అమ్మడం. హాస్టల్ ఫీజు కట్టడానికి ఇంటికి ఫోన్ చెయ్యాలంటే రెండు రోజులు వెనకాడే పిల్లల దగ్గర ఈ వ్యాపారం! మోటారు ఎలా తిరుగుతుందో వినే ఓపిక లేనివాడు, ఆన్ ఎక్కడ పెట్టాడో చూసి మార్కులేస్తాడా? దీనికి భాషా సేవ అని పేరొకటి.

ఈ చిన్న మాటలంటే భయపడే జాతా మనది? బిల్డప్ ఇస్తాం, గెటప్ వేస్తాం, హీరో శరీరాన్ని చూసి కటౌట్ అంటాం. అలా అనడానికి ఏ ఇంగ్లిషువాడి అనుమతీ అడగలేదు.

ఇంటర్వ్యూ బల్లకి అవతల కూర్చునేవాళ్లకి ఒక మనవి. కుర్రాడు ఏం తయారుచేశాడో అడగండి, పూర్తిగా చెప్పనివ్వండి. అబౌట్ ఎక్కువైతే మీ కంపెనీ మునగదు. ఇక పిల్లలూ, ఆ 999 దాచుకోండి. క్రికెట్ కామెంటరీ వినండి, దొరికిన కథల పుస్తకం చదవండి, గో ఆన్, పిక్ అప్‌లు వాటంతటవే నోటికొస్తాయి. రెజ్యూమేలో 2019 పాసౌట్ అని ఉంటే ఉండనివ్వండి. అది తప్పు కాదు.