చట్టం వచ్చింది, కాగితం రాలేదు

మా రోజుల్లో తాలూకా కచేరీలో రికార్డు రూమంటే గర్భగుడే. తాళంచెవి రికార్డు కీపరు మొలతాడుకి ఉండేది. ఆయన సెలవు పెడితే తాసీల్దారు గారికైనా పాత ఫైలు దక్కేది కాదు. రైతుకి అడంగల్ నకలు కావాలంటే అర్జీ రాయించుకోవాలి, దాని మీద కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి, గుమాస్తా గారు కాఫీకి వెళ్లొచ్చేదాకా వరండాలో గొంతుక్కూర్చోవాలి. వచ్చాక ఆయన అడిగే మొదటి మాట: "ఎందుకోయ్ నీకు?"

ఆ రోజుల్ని మెచ్చుకోవడానికి నేనిది రాయడం లేదు. 1923లో తెల్లదొరలు చేసిన అధికార రహస్యాల చట్టం పేరు చెప్పి ఊరచెరువు మరమ్మతు అంచనా కూడా దాచేవాళ్లు. కానీ దాచడానికైనా కాగితం ఉండేది! ముగిసిన ఫైలు మీద ఆర్. డిస్. అని రాస్తే శాశ్వతంగా ఉంచాలని, డి. డిస్. అంటే పదేళ్లని, ఎల్. డిస్. అంటే ఏడాదని లెక్క. గుడ్డలో మూట కట్టి, నంబరు, సంవత్సరం రాసిన చీటీ తగిలించి అరల్లో పేర్చేవాళ్లు. ఏ తపాలా ఏ సీట్లో నానుతోందో పర్సనల్ రిజిస్టరు తిప్పితే తెలిసిపోయేది. ఇప్పుడు అడిగితే సీట్లో ఉన్న అబ్బాయి తల ఎత్తకుండా "ఆన్‌లైన్‌లో ఉంటుంది అంకుల్, చూసుకోండి" అంటాడు. ఇంటికొచ్చి చూస్తే సర్వర్ డౌన్.

మరి అడిగే హక్కు లేదా అంటే, దివ్యంగా ఉంది. ప్రజలకు తెలుసుకునే హక్కుందని 1975లోనే రాజ్ నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది చట్టమవడానికి ముప్పై ఏళ్లు పట్టింది. సాధించినవాళ్లు ఢిల్లీ మేధావులే కాదు, రాజస్థాన్‌లో కరువు పనులకి వెళ్లిన కూలీలు కూడా. సామాజిక కార్యకర్త అరుణా రాయ్ వంటి వాళ్లతో కలిసి 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పెట్టుకుని, "మాకు కూలి ఇచ్చినట్టు రాసిన మస్టరు రోలు చూపించండి" అన్నారు. 1996లో బ్యావర్‌లో నలభై రోజులు ధర్నా చేశారు. వాళ్లు అడిగింది మస్టర్లు, బిల్లులు, వోచర్లు. 2005 అక్టోబరు 12న సమాచార హక్కు చట్టం జమ్మూకాశ్మీర్ తప్ప దేశమంతా అమల్లోకి వచ్చింది. మన దగ్గర గ్రామ స్థాయిలో రుసుమే లేదు, మండలంలో అయిదు రూపాయలు, ఆపైన పది. తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఎందుకు కావాలో చెప్పక్కర్లేదని ఆరో సెక్షన్ స్పష్టంగానే అంది.

అయినా అడుగుతున్నారు! దరఖాస్తు పెట్టిన వారంలోపు ఫోనొస్తుంది: "మాస్టారూ, ఎందుకండీ మీకీ గొడవ?" అదే పాత ప్రశ్న, పక్కన కాస్త మర్యాద చేర్చారంతే.

నా సంగతే చూడండి. మా వీధిలో వేసిన సిమెంటు రోడ్డు రెండో వానకే పెచ్చులూడింది. కొలతలు రాసిన ఎం. బుక్ నకలు ఇమ్మని దరఖాస్తు పెట్టాను. గడువు రేపు ముగుస్తుందనగా జవాబొచ్చింది: కోరిన సమాచారం కాంట్రాక్టరు వ్యక్తిగతం కనుక చట్టంలోని 8(1)(జె) సెక్షన్ కింద ఇవ్వలేమని. రోడ్డు మందం ఎన్ని అంగుళాలో కాంట్రాక్టరు గారి స్వవిషయమట! అప్పీలు వేస్తే, వినాల్సిన అధికారి అదే ఆఫీసులో పక్క గదిలో ఉన్నాయన. ఇద్దరూ ఒకే ఫ్లాస్కులో టీ తాగుతారు. ఆయనకేమనిపించిందో గానీ, చివరికి పుస్తకం చూపించమన్నాడు. ముందే చూపిస్తే వాళ్లకి ఆ ఉత్తరాల ఖర్చయినా మిగిలేది.

ఆ 8(1)(జె) గురించి కుర్రాళ్లకి తెలియాల్సింది ఒకటుంది. ప్రజా పనితో సంబంధం లేని వ్యక్తిగత వివరాలనే మొదట్లో ఆపొచ్చన్నారు. శాసనసభకి ఇవ్వక తప్పనిది పౌరుడికీ ఇవ్వాల్సిందేనని కూడా రాశారు. 2023లో వచ్చిన డిజిటల్ డేటా రక్షణ చట్టం ఆ షరతులన్నీ కొట్టేసి, వ్యక్తిగత సమాచారం అనే ఒక్క ముక్క మిగిల్చింది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చనే 8(2) ఇంకా బతికే ఉంది, కానీ దాన్ని తీసి చదివే ఓపిక ఎవరికుంది?

దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించాలి కదా. జవాబివ్వని అధికారికి రోజుకి 250 రూపాయల చొప్పున 25 వేల దాకా జరిమానా వేయొచ్చని చట్టంలో ఉంది. వేయాల్సింది రాష్ట్ర సమాచార కమిషన్. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఆ కమిషన్‌లో ఒక్క కమిషనరూ లేడు. రెండేళ్లకు పైగా ఖాళీ కుర్చీలకే అప్పీళ్లు వేసుకున్నారు జనం. ఆంధ్రా సంగతి చెప్పమంటారా? 2021 ఆగస్టులో జీవోలని పాత వెబ్‌సైటులో పెట్టడమే మానేశారు, మూడేళ్లకి ప్రభుత్వం మారాక మళ్లీ మొదలెట్టారు. అడక్కుండానే బయటపెట్టాల్సినవి పదిహేడు రకాలున్నాయని నాలుగో సెక్షన్ చెబుతుంది. ఆఫీసు గుమ్మంలో వేలాడే బోర్డు చూడండి, సమాచార అధికారి పేరు దగ్గర ఎప్పుడో బదిలీ అయిపోయినాయన ఉంటాడు.

ఆఫీసుల్ని తిట్టి కూర్చుంటే సగం మాటే చెప్పినట్టు. అడిగేవాళ్లు మాత్రం తక్కువా? "మా ఊరికి బస్సు ఎందుకు వేయలేదు? దీనికి బాధ్యులెవరు? మీ అభిప్రాయం తెలపండి" అని నాలుగు పేజీలు దంచుతారు. చట్టం ఇచ్చేది ఆఫీసులో ఉన్న కాగితం నాయనా, అభిప్రాయం కాదు. ఇంకో బాపతు వాళ్లు దరఖాస్తు పడేసి, సాయంత్రానికి సెటిల్మెంటుకి వస్తారు. వీళ్ల పుణ్యమా అని నిజంగా కష్టంలో ఉన్న ముసలమ్మ పింఛను ఫైలు అడిగినా బ్లాక్‌మెయిలర్ని చూసినట్టు చూస్తున్నారు.

చెప్పడం నా ధర్మం, వింటే మీ అదృష్టం. ప్రశ్నలు అడక్కండి, రికార్డు అడగండి. ఫలానా తేదీన ఇచ్చిన అర్జీ మీద నడిచిన నోట్ ఫైలు, పర్సనల్ రిజిస్టరులో ఆ పేజీ, ఎం. బుక్, వోచరు అని పేరు పెట్టి రాయండి. ఒక దరఖాస్తుకి ఒకటే విషయం. నకళ్లు ఇవ్వడానికి నసిగితే, వెళ్లి చూస్తామని రాయండి. చూసే హక్కు చట్టంలోనే ఉంది, మొదటి గంటకి రుసుము లేదు. రసీదు మీద తేదీ, ముద్ర వేయించుకోకుండా గుమ్మం దిగకండి. జవాబు రాకపోతే ముప్పై ఒకటో రోజు పొద్దున్నే మొదటి అప్పీలు వేయండి, దానికి పైసా ఖర్చు లేదు. ఆ ఒక్క పని చేయక మనవాళ్లు ఎన్ని దరఖాస్తులు గాలికొదిలేశారో నాకు తెలుసు.