కల్లంలో దిగిన ఏంజెల్

ఇంటికొక పారిశ్రామికవేత్త తయారవ్వాలని ముఖ్యమంత్రిగారు అన్నారని చదివి, ఆ రాత్రే మా బాబాయికి ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పాను. ఆయన పెదనందిపాడు పక్కన నాలుగెకరాలు కౌలుకి చేస్తాడు. రెండు పత్తి, రెండు మిరప.

"దేనికిరా?" అన్నాడు.

"మనింటి కోటా ముప్పై ఏళ్ల కిందటే నువ్వు పూర్తి చేశావు బాబాయ్."

2025 ఆగస్టు 20న మంగళగిరి మయూరి టెక్ పార్కులో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తెరిచారు కదా. మా ఊరి నుంచి గుంటూరులో ఒక్క బస్సు మారితే చాలు. ఇంత దగ్గర్లో పెట్టుబడి పొంగుతుంటే బాబాయి బయట నిలబడిపోవడం నాకు నచ్చలేదు. ఆదివారం ఊరెళ్లి పిచ్ డెక్ రాయడానికి అరుగు మీద కూర్చున్నాను.

"పిచ్ అంటే?"

"డబ్బున్నవాడి ముందు నిలబడి మన పిచ్చిని పది నిమిషాల్లో చెప్పడం."

"అదైతే ఏటా చెప్తానే ఉన్నా."

మొదటి పేజీ సీడ్ ఫండింగ్. బాబాయి లోపలికెళ్లి విత్తనాల కొట్టు చీటీ తెచ్చాడు. సీడు అరువు, ఎరువు అరువు, పురుగుమందు అరువు. ఏ తెగులుకి ఏ మందు కొట్టాలో చెప్పే మెంటారు కూడా ఆ కొట్టు కుర్రాడే, మందు అమ్మేదీ వాడే. సీడ్ ఫండింగ్‌లో నిజంగా సీడ్ ఉన్న స్టార్టప్ దేశంలో ఇదొక్కటేనని పెద్దక్షరాలతో రాశాను.

తర్వాత ఏంజెల్ ఇన్వెస్టర్. మనకి ఉన్నాడు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం ఆయనది. మంగళగిరికి వచ్చే ఏంజెళ్లు కంపెనీలో వాటా అడుగుతారు, మన ఏంజెల్‌కి అంత అత్యాశ లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీ, కాయంతా ఆయన కొట్టుకే రావాలి, అంతే. తూకం ఆయన మనుషులే వేస్తారు. తాలు కాయ ఎంతో, మచ్చుకి ఎంత పోయిందో వాళ్లే చెప్తారు. కమీషన్, హమాలీ, కాటా అన్నీ పోగా మిగిలిన టిక్కీల లెక్క ఒక తెల్లకాగితం మీద వేసి ఇస్తారు. కంపెనీ మునిగితే అక్కడి ఏంజెల్ చేతులు దులుపుకుని లేస్తాడు. మన ఏంజెల్ మనల్ని వదిలిపెట్టడు. నోటు తిరగరాయిస్తాడు.

ప్రామిసరీ నోటుకి మూడేళ్లే ఆయుష్షని మీకు తెలుసు. గడువు దాటేలోపు అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు. ఆ నోట్లు ముందేసుకుని చూస్తే నాకు కళ్లు తెరుచుకున్నాయి. 2019లో సిరీస్-ఎ. నల్లతామర పురుగు మిరపని ఊడ్చేశాక 2022లో సిరీస్-బి. 2025లో సిరీస్-సి. రౌండు రౌండుకీ విలువ పెరిగిన కంపెనీ ఇది. పెరిగింది అప్పు విలువేననుకోండి, గ్రాఫు మాత్రం పైకే ఉంది.

బ్యాంకుకి వెళ్లొచ్చుగా అంటారు. బ్యాంకు కౌలు కార్డు అడుగుతుంది. అది రావాలంటే 2019 చట్టం ప్రకారం భూమి యజమాని సంతకం పెట్టాలి. ఆయన డల్లాస్‌లో ఉంటాడు. సంతకం పెడితే పొలం పోతుందని ఆయనకి భయం. అక్కడేదో స్టార్టప్‌లో మాత్రం ధైర్యంగా డబ్బు పెట్టాడట, బాబాయే గర్వంగా చెప్పాడు.

ఖర్చుల పేజీ దగ్గర చిన్న చిక్కొచ్చింది. విశాఖలో టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసలకి ఇచ్చారు కదా, ఆ లెక్కన మన నాలుగెకరాలకి ఇరవై పైసలు వేద్దామన్నాను. "మిరప చేనుకి ఎకరం నలభై వేలురా," అన్నాడు, "పండినా ఎండినా."

వాల్యుయేషన్‌కి మాత్రం ఢిల్లీ ముద్రే ఉంది. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కూలినప్పుడు కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలని లెక్కగట్టింది. ఆ చివరి ఒక్క రూపాయి చూసి నాకు ముచ్చటేసింది. 11,780 అయితే రైతు గతేం కాను! అంతకు ముందు ఇరవై వేలు దాటిన కాయ అది. బాబాయి కాయ ఇంకా కోల్డ్ స్టోరేజీలోనే చల్లగా ఉంది, అద్దె ఎక్కుతోంది.

"పివట్ చేశావా?" అంటే ఒక పంట కలిసిరాకపోతే ఇంకోదానికి మళ్లడం అని చెప్పాను. "గానుగెద్దులా తిరిగా," అన్నాడు. మిరప వదిలి నల్లబర్లీ పొగాకు వేసినవాళ్ల సంగతి పర్చూరు వైపు వెళ్లి అడగండి. కంపెనీలు మొహం చాటేస్తే కొనడానికి మార్క్‌ఫెడ్ దిగాల్సొచ్చింది.

చివరి పేజీ రిస్కులు. మంగళగిరిలో రిబ్బన్ కట్ చేయడానికి ఒక రోజు ముందు, ఆగస్టు 19 నుంచి, దిగుమతి పత్తి మీదున్న 11 శాతం సుంకం ఎత్తేశారు. సెప్టెంబరు 30 దాకానే అన్నారు. ఆగస్టు 28న దాన్ని డిసెంబరు 31 దాకా పొడిగించారు. మాకు పత్తి తీతలు మొదలయ్యేది అక్టోబరులో. అంటే కూలీల్ని పెట్టి తీయించి, బోరాల్లో తొక్కి, అమ్మకానికి తెచ్చే నెలలన్నీ అందులోనే పోయాయి. ఈ ముక్క జూన్‌లో, విత్తనం వేయకముందు చెప్పడానికి నోరు రాలేదా? పూత మీదున్న చేనుని ఏం చేయమంటారు? సాఫ్ట్‌వేర్ కంపెనీకి రాయితీ తీసేయాలంటే ముందు పది మీటింగులు పెడతారు. రైతు బతుకు మార్చడానికి ఒక నోటిఫికేషన్ కాగితం చాలు.

పది స్టార్టప్‌లలో తొమ్మిది పోతాయి, ఓటమి గొప్ప పాఠం అని హబ్బుల్లో చెప్తుంటారు. ఓడినవాడికి చప్పట్లు కూడా కొడతారట. 1987-88లో ఇదే గుంటూరు, ప్రకాశం పత్తి చేలల్లో తెల్లదోమా శనగపచ్చ పురుగూ పడి పంట పోయినప్పుడు, మావాళ్లు చేలో కొట్టడానికి అరువు తెచ్చిన మందే తాగారు. వాళ్లూ ఇంటికొక పారిశ్రామికవేత్తలే. వాళ్ల ఇళ్లలో ఆ అరువు మాత్రం చావలేదు, కొడుకుల పేరు మీదకి మారింది. అది ఏ ఇన్నోవేషన్ పాలసీలో ఏ పేజీలో రాస్తారో నాకు చూపించండి.

"ఆ హబ్బులోవాళ్లు మునిగితే డబ్బు తిరిగిచ్చెయ్యాలా?" అన్నాడు బాబాయి.

"అక్కర్లేదు."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపల్నుంచి రెవెన్యూ స్టాంపు అంటించిన కాగితం తెచ్చి నా డెక్ మీద పెట్టాడు. యార్డు నుంచి మనిషొస్తాడట, నోటు తిరగరాయాలట.

"ఎలాగూ పెన్ను తెచ్చావుగా అబ్బాయ్, సాక్షి సంతకం పెట్టిపో."

పెట్టి వచ్చాను.