ఫార్మాట్ బావ

కంప్యూటరున్న ప్రతి చుట్టరికంలోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు. కొందరికి బాబాయి, కొందరికి పక్కవాటా కుర్రాడు, మాకు మేనత్త కొడుకు. గుంటూరు కరెంటాఫీసులో బిల్లుల సెక్షన్ చూస్తాడన్నది బయటివాళ్లకి తెలిసిన సంగతి. చుట్టాలకి మాత్రం ఆయన ఫార్మాట్ బావ. అసలు పేరు శుభలేఖల్లో చూసి గుర్తుచేసుకుంటాం.

చదివింది బీకాం. 2003 వేసవిలో అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి హార్డ్‌వేర్ కోర్సులో చేరాడు. ముందుగా విండోస్ ఎలా చెరిపి మళ్లీ వేయాలో నేర్పారు. రిపేర్ల పాఠం మొదలయ్యే సమయానికి చెల్లెలి పెళ్లి కుదిరి ఊరికొచ్చేశాడు. ఆ రాని పాఠాల ఖర్చు మా అందరి హార్డ్ డిస్కులూ భరించాయి.

కంప్యూటర్‌కి ఏం వచ్చినా చెప్పండి. నెమ్మదించిందా, ఫార్మాట్. ప్రింటర్ కాగితం నమిలేసిందా, "విండోస్ కరప్టయింది, కొట్టేద్దాం." ఓసారి పెదనాన్నగారింట్లో మానిటర్ వెలగడం లేదంటే వెళ్లాడు. ప్లగ్గు ఊడిందని తేలింది. పెట్టగానే వెలిగింది. బావ మొహం మాత్రం వెలగలేదు. "ఇంత దూరం ఎలాగూ వచ్చాను కదా మావయ్యా" అంటూ సీడీ తీశాడు.

అలాగని ఆయన మాట ప్రతిసారీ తప్పని కాదు. ఆ రోజుల్లో స్టూడియోవాడి పెన్‌డ్రైవ్‌లో పెళ్లి ఫోటోలతో పాటు ‘న్యూ ఫోల్డర్ డాట్ ఈఎక్స్ఈ’ కూడా అత్తారింటికొచ్చేది. చూడ్డానికి పచ్చటి ఫోల్డరే, నొక్కితే వైరస్. అందరూ నొక్కేవాళ్లం. యాంటీవైరస్ గడువు తీరిపోయి ఏడాదయ్యుండేది. అప్పుడు ఫార్మాట్ తప్ప గతి ఉండేది కాదు. షాపువాడైతే డబ్బడుగుతాడు, సిస్టం రెండ్రోజులు ఉంచుకుంటాడు. బావ గోంగూరతో సరిపెట్టుకుంటాడు.

ఆయన సరంజామా చూడాలి. జిప్పున్న సీడీల పౌచ్, అందులో మార్కర్‌తో ‘ఎక్స్‌పీ ఎస్‌పీ2 – ఇది పనిచేస్తుంది’ అని రాసిన సీడీ, దాని వెనక ‘ఎక్స్‌పీ – ఇది చేయదు’ అని రాసి కూడా పారేయకుండా దాచిన మరో సీడీ, ఓ స్టార్ స్క్రూడ్రైవర్, బడిపిల్లల రబ్బరు ముక్క. సిస్టం కుయ్‌కుయ్‌మని ఆన్ కాకపోతే ర్యామ్ పీకి, దాని బంగారు పూత అంచుని ఆ రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చుతాడు. మురికి పోయి చాలాసార్లు నిజంగానే ఆన్ అవుతుంది. ఆయన సంచీలో డేటాని చెరపని వస్తువు ఆ రబ్బరొక్కటే.

ఇక అసలు తంతు. మొదటి ప్రశ్న మా అమ్మకి.

"అత్తయ్యా, సీ డ్రైవ్‌లో ముఖ్యమైనవేమైనా ఉన్నాయా?"

"దాని జోలికి మేమెందుకు పోతాం నాయనా! మావన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి."

"అయితే భయం లేదు."

డెస్క్‌టాప్ అనేది సీ డ్రైవ్ లోపలి ఫోల్డరే. మై డాక్యుమెంట్స్ కూడా అంతే. ఈ సంగతి అమ్మకి తెలియదు, బావకి ఆ క్షణంలో గుర్తురాదు. తెలుగునాట మాయమైన పెళ్లి ఫోటోల్లో సగం ఈ మూడు ముక్కల సంభాషణ పుణ్యమేనని నా అనుమానం.

తర్వాత నీలం తెర. పేజీలకొద్దీ లైసెన్సు ఒప్పందం. బావ ఒక్క ముక్క చదవకుండా ఎఫ్8 నొక్కుతాడు. "దొంగ సీడీకి ఒప్పుకోవడమేమిటి బావా?" అంటే, "అడిగినప్పుడు సరేననడం మర్యాద" అన్నాడు. తర్వాత డి, ఎంటర్, ఎల్. పాత డ్రైవ్ గల్లంతు. 25 అక్షరాల కీ ఆయనకి కంఠతా వచ్చు. మా వీధిలో విండోసున్న ఇళ్లన్నింటికీ అదే కీ. ఒరిజినల్ కొన్న ఇల్లొక్కటీ నేనెరగను.

"ఇంకా 39 నిమిషాలు" అని తెర చెప్పగానే బావ కాళ్లు కడుక్కుని విస్తరి ముందు కూర్చుంటాడు. ఆ 39 నిమిషాలు ఏనాడూ 39 కాలేదు. 34 దగ్గర ఆగి పెరుగన్నం దాకా కదలదు. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. యూపీఎస్ అరుస్తుంటే, బావ ఎంగిలి చేత్తోనే సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి తన ఆఫీసువాళ్లనే తిడతాడు. కరెంటాఫీసు మనిషి ఇంటికొచ్చినప్పుడే కరెంటు పోవడమేమిటని అమ్మకి ఇప్పటికీ అర్థం కాదు.

భోజనాల దగ్గర ఆయనకి విద్యాదానం చేసే అలవాటు కూడా ఉంది. "క్విక్ ఫార్మాట్ అంటే వాకిట్లో పేరు బోర్డు పీకేయడమే మావయ్యా. సంసారం లోపలే ఉంటుంది. కొత్తవాళ్లు దిగేదాకా వెతికితే దొరుకుతుంది." ఇది అక్షరాలా నిజం. చెరిగేది ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే, అసలు ఫైళ్లు వాటిమీద వేరేవి రాసేదాకా డిస్క్‌లోనే పడుంటాయి. ఇప్పటి ఎస్‌ఎస్‌డీల్లో ఆ ఆశ కూడా లేదు. ఖాళీ అయిన చోటును అవి తమంతట తామే తుడిచేసుకుంటాయి.

ఆ విద్య పరీక్షకి రానే వచ్చింది. పెదనాన్నగారి సిస్టంలో సీ, డీ రెండూ ఒకే సైజు. బావ డ్రైవులని సైజు చూసి గుర్తుపట్టే మనిషి. షష్టిపూర్తి ఫోటోలున్న దాన్ని చెరిపి, దానిమీదే విండోస్ వేశాడు. పెద్దమ్మ మాట్లాడలేదు, కాఫీ కూడా ఇవ్వలేదు. రాత్రంతా రికవరీ సాఫ్ట్‌వేర్ నడిచింది. విండోస్ కూర్చున్న మేరకి పోయినవి పోగా మిగతావి తిరిగొచ్చాయి, పేర్లు లేకుండా అంకెలతో. వాటితో పాటు ఆ డిస్క్‌లో ఎప్పుడో దాగిన వెబ్‌సైట్ల బొమ్మలూ వచ్చాయి. పెదనాన్న దండ వేసుకుంటున్న ఫోటో తర్వాత రైలు టికెట్ల ప్రకటన, ఆ తర్వాత అక్షింతలు, ఆ తర్వాత ఎవరో ముక్కూమొహం తెలియని పెళ్లికొడుకు. అతనెవరని పెద్దమ్మ ఇప్పటికీ ఆరా తీస్తోంది.

పనయ్యాక తెరమీద పచ్చటి కొండ, నీలాకాశం. "అరకు ఎంత బావుందో!" అనేది అమ్మ. అది కాలిఫోర్నియాలోని సొనోమా కౌంటీలో చార్లెస్ ఓరియర్ 1996లో తీసిన ఫోటో. బావకి తెలుసు, అయినా దిద్దలేదు. "అరకే అత్తయ్యా" అన్నాడు. ఫార్మాట్ చేసినవాడికి ఆ మాత్రం మెప్పు దక్కాలి.

ఆ మెప్పు పాట పెట్టేదాకానే. సౌండ్ రాదు, బొమ్మలన్నీ లావుగా సాగి ఉంటాయి. డ్రైవర్లు వేయాలి. డ్రైవర్ కోసం నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. మదర్‌బోర్డుతో వచ్చిన సీడీ ఏదంటే ఇల్లంతా వెతికాం. పెరట్లో దొరికింది, చిలకలు రాకుండా జామచెట్టుకి కట్టి ఉంది. బావ దాన్ని విప్పి, పంచె అంచుతో తుడిచి లోపల పెట్టాడు. సౌండ్ వచ్చింది. ఆ ఏడు జామకాయలు మాత్రం దక్కలేదు.

బ్రాడీపేటలో డీటీపీ సెంటర్ పెట్టుకున్న మా చిన్నాన్న కథ వేరు. సరిగ్గా మాఘమాసం ముహూర్తాల ముందు ఫార్మాట్ కొట్టించుకున్నాడు. ఫైళ్లన్నీ భద్రం, అను ఫాంట్లు పోయాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానంలోనే తెలుగు రూపాలు కూర్చుకునే రకం, అవి లేకపోతే తెరమీద తెలుగే ఉండదు. శుభలేఖలో వధువు పేరు చోట రెండు డాలర్లూ ఒక బ్రాకెట్టూ, వరుడి చోట ఆశ్చర్యార్థకం. తాంబూలాలు మార్చుకున్న మనిషి దాన్ని చూసి కట్నం సంగతేమోననుకున్నాడట.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న సెలవిచ్చింది. బావ ఇవ్వలేదు, ఇంకో ఆరేళ్లు వేస్తూనే ఉన్నాడు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10 గడువు తీరాక ఆయనకి మళ్లీ పండగొచ్చింది. 11 వేయాలంటే టీపీఎం 2.0 ఉండాలి. లేని సిస్టాలు చుట్టాలిళ్లల్లో బోలెడు. ఆ తనిఖీని దాటవేసే పెన్‌డ్రైవ్ ఇప్పుడు బావ బండి తాళాలకే వేలాడుతోంది.

ఆయన్ని ఓడించిన సిస్టం ఒకటే ఉంది. పెద్దమ్మ కొడుకు డల్లాస్ నుంచి పంపిన ల్యాప్‌టాప్. షష్టిపూర్తి గుర్తుండి, బావ తన చరిత్రలో మొదటిసారి ముందు బ్యాకప్ తీద్దామన్నాడు. బయోస్‌లో ఏదో మార్చగానే బిట్‌లాకర్ లేచి 48 అంకెల కీ అడిగింది. 25 అక్షరాలు కంఠతా పట్టిన మనిషి 48 అంకెల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కీ ఉన్నది కొడుకు ఖాతాలో, అక్కడేమో అర్ధరాత్రి.

మొన్న మా అమ్మాయి తన సిస్టం తనే బాగుచేసుకుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి రీసెట్ నొక్కితే, ఫైళ్లు ఉంచాలా తీసేయాలా అని అదే అడిగింది. ఉంచమంది. సాఫ్ట్‌వేర్లు పోయాయి, ఫోటోలు ఉన్నాయి. అప్పుడే వచ్చిన బావ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఫైళ్లుంచుకుని చేసేది ఫార్మాటా అమ్మా?"

"పని అయింది కదా మావయ్యా."

బావ జవాబివ్వకుండా పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, వంటింటి వైపు తిరిగాడు. "అత్తయ్యా, నీ ఫోన్ నెమ్మదించిందని అంటున్నావట. ఫ్యాక్టరీ రీసెట్ అని ఒకటుంది, పది నిమిషాల పని."

అమ్మ ఫోన్‌ని పోపులపెట్టె వెనక్కి తోసేసింది. "అది బానే ఉంది నాయనా. నువ్వు ముందు కాళ్లు కడుక్కో, గోంగూర చేశాను."