ఖాళీ ఇల్లు

2009లో వానలు మొహం చాటేశాయి. తుంగభద్ర ఒడ్డున, రాజోలికి దగ్గరి ఊళ్లో ఉండే ఒక మేస్త్రి ఆగస్టు మొదట్లోనే ఇంటికి తాళం వేసి, భార్యాబిడ్డలతో హైదరాబాద్ బస్సెక్కాడు. పాలమూరులో అదేమంత వార్త కాదు. కానీ అక్టోబర్ 2న, కరువని వదిలిపోయిన ఆ ఊరి మీదికే నది వచ్చిపడింది. రాతిగోడలు నాని నాని, రేకులతో సహా కూలిపోయాయి.

ఆ ఇంటికి బీమా ఉందన్న సంగతి మేస్త్రికి వరద తీశాకే తెలిసింది. ఇంటి అప్పు ఖాతాలోంచి బ్యాంకువాళ్లే ఏటేటా ప్రీమియం కోసుకుంటున్నారు. పాలసీ కాగితం మాత్రం ఎన్నడూ అతని చేతికి రాలేదు. మేనేజరు చెబితే క్లెయిము పెట్టాడు. సర్వేయరు వచ్చి టేపు పట్టి కొలిచి, ఫోటోలు తీసుకుపోయాడు. కొన్నాళ్లకు బీమా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, ఇవ్వమని. దాన్ని పట్టుకుని గద్వాలలో ఒక వకీలు దగ్గరికి పోయాడు.

"ఏం రాశారో చదవకముందే చెప్తా విను," అన్నాడు వకీలు. "ఆలస్యంగా చెప్పావనో, కచ్చా ఇల్లనో అనుంటారు. లేదా బీమా తక్కువకు చేశావంటారు. నాలుగు లక్షల ఇంటికి రెండు లక్షలకే పాలసీ ఉంటే, జరిగిన నష్టంలో సగమే లెక్కకొస్తది. వీటన్నిటికీ నా దగ్గర జవాబులున్నయి."

ఉత్తరంలో అవేవీ లేవు. ఇల్లు ముప్పై రోజులకు మించి ఖాళీగా ఉందట. ముందుగా కంపెనీకి చెప్పి పాలసీ మీద రాయించుకోలేదట. షరతు ప్రకారం బీమా అప్పుడే ఆగిపోయిందట.

వకీలు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంట్లో పెద్దోళ్లెవరూ లేరా?"

"అమ్మ ఉండె సార్. ఎండాకాలంల పాయె."

"దసరాకన్నా వచ్చిపోలేదా?"

"సెలవియ్యలేదు సార్."

వకీలు కాసేపు ఆలోచించి, లేచి బీరువాలోంచి ఒక లావుపాటి పుస్తకం తీశాడు. పేజీలు తిప్పుతుంటే అతని మొహం విప్పారింది.

"దొరికింది! మోడ్రన్ ఇన్సులేటర్స్ కేసు, 2000 సంవత్సరం. సుప్రీంకోర్టు తీర్పు. పాలసీ తీసుకున్నవాడికి తెలియజెయ్యని మినహాయింపును చూపించి కంపెనీ తప్పించుకోలేదు. నీకు పాలసీ కాగితమే ఇవ్వలేదు కదా! రెండేళ్ల గడువు కూడా దాటలేదు. మహబూబ్‌నగర్‌లో వినియోగదారుల ఫోరానికి పోదాం. నువ్వు ప్రమాణం చేసి ఒక్క ముక్క చెప్తే చాలు. ఇల్లు నెల దాటి ఖాళీగుంటే బీమా చెల్లదన్న సంగతి నాకు తెలియదు, అంతే."

మేస్త్రి తల వంచుకున్నాడు.

"ఏమైంది? ఉన్నమాటే కదా?"

"తెల్సు సార్."

"నీకెట్ల తెలుసు? చదువు రాదంటివి!"

"హైదరాబాద్‌ల మేముండేది ఒక సారు బంగ్లాల. ఆయన అమెరికాల ఉంటడు. నెల దాటి ఖాళీగుంటే ఇన్సూరెన్సు పోతదని, మాకు జీతమిచ్చి అండ్ల ఉండమన్నడు. దసరాకు గూడ కదలొద్దనె."