వాన లెక్క నా దగ్గరుంది

నేను రెయిన్‌గేజిని. అనంతపురం జిల్లాలో ఒక తహసీల్దారు ఆఫీసు ఆవరణలో సిమెంటు దిమ్మె మీద నా కాపురం. 127 మిల్లీమీటర్ల మూతి, లోపల గరాటు, దాని కింద సీసా. ఇంతే నా ఆస్తి. రోజూ ఉదయం 8:30కి అటెండరు వచ్చి సీసాలో నీళ్లు కొలత గ్లాసులో పోసి చూస్తాడు. కనీసం 2.5 మిల్లీమీటర్లుంటేనే అది వాన పడిన రోజు కింద లెక్క.

వేసవిలో నేల కాగితే దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ చోటికి సముద్రం మీది తేమగాలి తోసుకొస్తుంది. అదే నైరుతి. మామూలుగా జూన్ 1కి కేరళను తాకుతుంది. దేశంలో ఏడాదికి కురిసే వానలో దాదాపు ముప్పావు వంతు దాని చలవే. అయితే పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేసి, మా దాకా వట్టి చేతులతో వస్తుంది. చివర్లో ఈశాన్యం కాస్త ఆదుకున్నా, మా జిల్లాకు ఏడాది మొత్తం మీద దక్కేది 550 మిల్లీమీటర్ల చుట్టే.

ఒక ఏడు జూలైలో, తెల్లారేసరికి ఒక రైతు గేటు దగ్గర నిలబడ్డాడు.

"రాత్రి ఎంత పడిందన్నా?"

"ముప్పై రెండు."

"పదునైనట్టే. గొర్రు కట్టేస్తా."

ఒక్క మిల్లీమీటరంటే ఎకరాకు నాలుగు వేల లీటర్ల నీళ్లు. వేరుశనగ బాగానే మొలిచింది. తీరా ఊడలు దిగే వేళకు చినుకు లేదు. మూడు వారాలు నా గరాటులో ఎర్రదుమ్మే పేరుకుంది. చేను వాడిపోయాక సెప్టెంబరులో రెండు రోజులు కుండపోత. సీజను చివర రిజిస్టరులో 'సాధారణ వర్షపాతం' అని రాశారు. కూడిక సరైనదే. ఊళ్లో మాత్రం ఇళ్లకు తాళాలు పడ్డాయి, జనం బెంగుళూరుకు కూలికి పోయారు.

నా సీసాలో పడిన వానే మండలమంతటికీ లెక్కవడం ఇంకో చిక్కు. గుట్టకు ఇవతల కురిసిన వాన అవతల కురవకపోవచ్చు. ఇప్పుడు ఆటోమేటిక్ గేజిలు వచ్చి ఈ భారం కొంత తగ్గించాయి.

కరువు లెక్క వేసే అయ్యలారా, మొత్తం అంకె ఒక్కటే చూసి ఫైలు మూయకండి. ఏ కార్తెలో పడింది, ఎన్నాళ్లు ఆగింది అన్నది నా రోజువారీ రిజిస్టరులో ఉంది. ముందు దాన్ని తిరగేయండి.