మామగారి ఏనుగు ఎర్రబడిన వైనం

జగదల్‌పూర్‌లో మా మామగారిని ఎవరు ఊరు అడిగినా "1323లో ఓరుగల్లు పడిపోయాక కాకతీయుల అన్నమదేవుడి వెంట వచ్చినవాళ్లం" అంటారు. వంటింట్లోంచి అత్తగారు "1960లలో కిరండూల్ రైలు మార్గం పనికి వచ్చారు వీళ్ల నాన్నగారు" అని సవరిస్తారు. ఎలా వస్తేనేం, ఇప్పుడు ఆయనకో ఢోక్రా బొమ్మల దుకాణం ఉంది. దుకాణానికో వెబ్‌సైటు ఉంది. వెబ్‌సైటుకు జీతం లేని అల్లుడున్నాడు.

మామగారి ఊళ్లో బస్తర్ దసరా 75 రోజుల పండగ. సెలవు దొరకలేదని అల్లుడు తప్పించుకునే దారి లేదు. అక్కడ రావణుణ్ణి కాల్చరు కూడా. కాల్చుకు తినడానికి నేనున్నాను కదా!

"అల్లుడుగారూ, మన సైటులో మూడోది, ఆ ఏనుగు... దాన్ని కాస్త ఎర్రగా చేసిపెట్టండి. కొండగావ్ మేస్త్రీ చేతిపని. అన్నింట్లో కలిసిపోతే ఎట్లా?"

ఆయన బాధ న్యాయమైనదే. ఢోక్రా పనిలో మట్టి ముద్ద మీద మైనపు తీగ చుట్టి రూపం తెస్తారు. పైన మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగి జారిపోయిన ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మూసను పగలగొట్టాల్సిందే. మొహెంజొదారో నర్తకిని పోతపోసింది కూడా మైనం కరిగించే పద్ధతిలోనే. మూసకు ఒక్కటే బొమ్మ గనక రెండో ఏనుగు అచ్చం మొదటిదానిలా ఉండదు. సైటులో నేను పెట్టిన బొమ్మల పట్టిక కథ వేరు. సర్వరు నుంచి సరుకు వివరాలు వస్తాయి, నేను రాసిన ఒకే ఒక్క వరుసను జావాస్క్రిప్టులోని మ్యాప్ ప్రతి బొమ్మకూ గుద్ది కింద కింద పేర్చేస్తుంది. ఎన్ని బొమ్మలొచ్చినా మూస పగలదు. ఢోక్రా పోసే గఢవా పనివాడు చూస్తే నవ్విపోతాడు.

1994లో హోకోన్ వియుమ్ లీ అనే నార్వే ఆయన ప్రతిపాదించిన, వెబ్‌పేజీకి రంగులద్దే సీఎస్ఎస్‌లో తర్వాత ఎన్నో సౌకర్యాలు చేరాయి. ఎన్త్-చైల్డ్ అని రాసి మూడు అంటే మూడో వరుస ఎర్రబడుతుంది. అది మామగారిలాగే ఒకటి నుంచి లెక్కపెడుతుంది. జావాస్క్రిప్టు సున్నా నుంచి మొదలెడుతుంది కాబట్టి దాని లెక్కలో ఆ ఏనుగు నంబరు రెండు. ఆ తగవులోకి ఆయన్ని లాగలేదు.

"మూడోది అంటే ఆ చోటికి రంగు పడుతుంది మామయ్యగారూ, ఏనుక్కి కాదు" అన్నాను. ఆయన చెబితే వినే రకం కాదు, చూస్తే నమ్మే రకం. వేసి చూపించాను.

మర్నాడు కొత్త సరుకు దిగింది. పట్టికలో కొత్తవి పైకెక్కుతాయి గనక ఏనుగు కిందికి జారింది. మూడో చోట కాగితాలు ఎగరకుండా పెట్టుకునే ఓ తాబేలు ఎర్రగా వెలిగిపోతోంది. విశాఖ నుంచి ఎవరో దాని ధర కూడా అడిగారట!

"మన ఏనుగేదండీ?"

"అక్కడే ఉందండీ. మనం శాలువా కుర్చీకి కప్పాం, సన్మానం చేయించుకునేవారు లేచి వెనక వరసలోకి వెళ్లారు."

ఇంజనీరింగ్ చదువుతున్న మా బావమరిది ఇది విని రంగంలోకి దిగాడు. "నొక్కిన బొమ్మ మెరవాలి బావా, నేను రాస్తా" అని పట్టిక మొత్తానికి ఒకే ఒక అవును-కాదు గుర్తు పెట్టాడు. ఏనుగును నొక్కితే ఏనుగుతో బాటు నందులూ గుర్రాలూ దీపాలూ అన్నీ మెరిశాయి. అవునా కాదా అని గుర్తు పెట్టుకుంటే చాలదు, ఏ బొమ్మను నొక్కారో దాని సంఖ్య గుర్తుండాలి. అప్పుడు ప్రతి వరుసా ఆ సంఖ్య తనదేనా అని చూసుకుని, తనదైతేనే మెరిసే క్లాస్ తగిలించుకుంటుంది.

2013లో జనంలోకి వచ్చిన రియాక్ట్ అనే జావాస్క్రిప్టు లైబ్రరీ వరుస వరుసకూ ఓ కీ అడుగుతుంది. మావాడు అక్కడా ఒకటీ రెండూ అంటూ వరుస నంబర్లే ఇచ్చాడు. నంది వరుసలోని గడిలో పెట్టిన టిక్కు కొత్త సరుకు రాగానే పై బొమ్మకు అంటుకుంది. డేటాబేసులో బొమ్మకు పుట్టుకతో పడ్డ సంఖ్యనే కీగా ఇవ్వాలిరా అంటే, "లెక్చరర్ ఇలాగే చెప్పారు బావా" అన్నాడు. లెక్చరర్ మీద నాకు అధికారం లేదు.

చివరికి సరుకు వివరాల్లోనే 'ప్రత్యేకం' అని ఓ గడి చేర్చాను. అందులో టిక్కు పెడితే బొమ్మ ఏ చోటికి జారినా ఎరుపు దాని వెంటే నడుస్తుంది. టిక్కు పెట్టే అధికారం మామగారికే వదిలేశాను. రాత్రి భోజనాల దగ్గర ఫోన్లో తెరిచి చూస్తే పట్టికంతా ఎరుపే.

"అన్నీ ప్రత్యేకమేనా మామయ్యగారూ?"

"ఒకలా ఉన్నవి రెండు చూపించండి, తీసేస్తాను."

"అన్నీ ఎర్రగా ఉంటే కొనేవాడు దేన్ని చూస్తాడండీ?"

"దుకాణాన్ని చూస్తాడు" అన్నారాయన, పప్పులో నెయ్యి వేసుకుంటూ.